ఒడిసింది అని రాసి ఉన్నచోట

డబ్బింగులోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. "మాస్టారూ, మీ దగ్గర పనిచేసే అదృష్టం మాకు లేకపోయింది" అంటారు. అదృష్టమా, నా మొహమా! నా దగ్గర పనిచేసినవాళ్ళను అడగండి, చెబుతారు. ‘ళ’ సరిగ్గా పలకలేదని మైకు ముందు నిలబెట్టి ఏడిపించిన ఆడపిల్లలు ఎంతమందో. వాళ్ళలో కొందరు ఇప్పుడు పెద్ద హీరోయిన్లకు గొంతిస్తున్నారు. ఎక్కడైనా కనిపిస్తే నమస్కారం పెడతారు గాని, పక్కన కూర్చోరు.

మీరంతా అడిగేది పేరు ఎలా తెచ్చుకోవాలని. దాని గురించి నాకు పెద్దగా తెలీదు. వచ్చిన పేరు పోకుండా కాపాడుకోవడానికి మనిషి ఎంత నీచానికి దిగగలడో మాత్రం తెలుసు. నేను రెండు రోజులు దిగాను. అది చెబుతాను, వినండి.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. మా అల్లుడికే ఇప్పటికీ సరిగ్గా తెలీదు, ‘సినిమాల్లో ఏదో చేసేవారు’ అంటాడు. తెర మీద కనిపించే మనిషి ఒకరైతే, వినిపించే గొంతు ఇంకొకరిది కావచ్చు. గొంతిచ్చే ఆర్టిస్టు అద్దం అవతల మైకు గదిలో నిలబడి, తెర మీద పెదవులు చూసుకుంటూ మాట చెబుతుంది. అద్దం ఇవతల సౌండ్ ఇంజనీరు పక్కన కూర్చుని, ఆ మాట పెదవికి అతికిందా లేదా, ఉచ్చారణ సరిగ్గా ఉందా లేదా చూసి ‘ఓకే’ అనేవాణ్ణి నేను. దాన్ని డబ్బింగ్ ఇన్‌చార్జ్ అంటారు. రేపల్లె దగ్గరి ఊరి నుంచి వచ్చి, యూసుఫ్‌గూడలో అద్దెకు దిగి, ముప్పయ్యేళ్ళు ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో ఇదే పని చేశాను. స్క్రిప్టు కాగితం మీద ప్రతి డైలాగు పక్కనా ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి, కింద పొడి అక్షరాల సంతకం చేసేవాణ్ణి. అలా చెయ్యమని నన్నెవరూ అడగలేదు. నా చెవి దాటి తప్పు పోదని పది మందికీ తెలియాలని అదో గొప్ప.

ఇప్పుడు అసలు సంగతి. ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటికే తెలంగాణ మాట కమెడియన్ల నోటినుంచి, విలన్ పక్కన నిలబడేవాళ్ళ నోటినుంచి బయటపడి హీరో ఇంట్లోకి వచ్చేసింది. ఆ సినిమా డైరెక్టరు జగిత్యాల అవతలి కుర్రాడు. మొదటి సినిమా. కథ అంతా ఒక అన్నా చెల్లెలిది. ఏదో చిన్న మాట దగ్గర పట్టుదల వచ్చి ఇరవై ఏళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కరు. చివరికి అన్న ఆస్పత్రి మంచం మీద ఉండగా చెల్లెలు వెళ్ళి, మంచం కింది చెప్పులు తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, ఒకే ఒక మాట అంటుంది. సినిమా మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది.

చెల్లెలి వేషం వేసినావిడ బొంబాయి నటి, తెలుగు ముక్క రాదు. ఆవిడకు గొంతిచ్చే అవకాశం బోరబండ నుంచి వచ్చే ఒకామెకు దక్కింది. నలభై దాటిన మనిషి, మెదక్ వైపు వాళ్ళు. పన్నెండేళ్ళుగా గ్రూపు గొంతులు చెప్పేది. అంటే జాతరలో జనం అరుపులు, పెళ్ళిలో ఆడవాళ్ళ గుసగుసలు, శవం దగ్గర ఏడుపులు. ఎనిమిది మంది కలిసి చెప్పే గొంతుల్లో ఆమెది ఒకటి. ఒక పాత్ర మొదటినుంచి చివరిదాకా ఆమె ఒక్కతే చెప్పడం అదే మొదలు. నిర్మాతకు ఇష్టం లేదు. "పేరున్న ఆర్టిస్టును పెట్టుకుందామండీ" అని ఆయన, "ఈమె మాటల మా అమ్మ వినిపిస్తది" అని డైరెక్టరు. డైరెక్టరు మాటే నెగ్గింది.

మొదటి రోజే ఆమె నన్నడిగింది. "సార్, మంచిగ చెప్తే ఇంకోపారి పిలుస్తరు గద? ఇగ గుంపుల అరుసుడు నాతోని అయితలేదు సార్, గొంతు పోతుంది."

"ముందు ఇది చెప్పు, తర్వాత చూద్దాం" అన్నాను. మన ఫీల్డులో ‘చూద్దాం’ అన్న మాటకున్న పదును మీకూ తెలిసే ఉంటుంది.

బ్రహ్మాండంగా చెప్పింది. నిజం చెప్పాలంటే నేను టిక్కులు పెట్టుకుంటూ పోవడమే. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ చివరి సీను వచ్చింది. డైరెక్టరు వేరేచోట పాటలో మిగిలిన ముక్కలు తీసే ప్యాచ్‌వర్కులో ఉన్నాడు. "మాస్టారున్నరు గద, నాకు ఫికర్ లేదు" అని వెళ్ళాడు. తర్వాత గ్రూపు పని ఉండడంతో మిగతా ఏడుగురూ వచ్చి మైకు గదిలోనే వెనక బెంచీ మీద కూర్చున్నారు.

స్క్రిప్టులో ఇలా ఉంది: "అన్నా, ఒడిసింది. లే, ఇంటికి పోదాం."

నాకు అర్థం కాలేదు. మా వైపు ఒడిసి పట్టుకోవడం ఉంది గాని ఈ ఒడవడం లేదు. షూటింగులో రికార్డయిన గొంతు పెట్టి విన్నాను. వెనక జనరేటరు రొద, ముందు బొంబాయి యాస. అదీ ‘ఒడిసింది’ లాగే ఉంది. ఆవిడకు తెలుగు రాదు కాబట్టి తప్పు పలికిందనుకున్నాను. స్క్రిప్టు రాసిన అసిస్టెంటు తొందరలో తప్పు రాశాడనుకున్నాను. ఇరవై ఏళ్ళ పట్టుదల వదులుకుని వచ్చిన చెల్లెలు ఏమంటుంది? ఓడిపోయానంటుంది. ‘ఓడింది నీ చెల్లెలు’ అనే కదా భావం! పైగా ‘ఓడింది’ అన్నా పెదవికి చక్కగా అతుకుతుంది. ఎర్ర పెన్ను తీసి కొట్టేసి, పైన ‘ఓడింది’ అని రాశాను. టాక్‌బ్యాక్ బటన్ నొక్కి, అద్దం అవతలికి చెప్పాను.

"అమ్మా, అక్కడ అచ్చుతప్పు పడింది. ఓడింది అని చెప్పు."

ఆమె హెడ్‌ఫోన్ కొంచెం పక్కకి జరిపింది. "తప్పు కాదు సార్. గది ఒడిసిందే. ఒడుసుడంటే అయిపోవుడు సార్. లొల్లి ఒడిసిందని చెప్తుంది ఆమె. మా దిక్కు గట్లనే అంటరు."

వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. నన్ను చూసి నవ్వారో, ఆమెను చూసి నవ్వారో ఈ రోజుకీ తెలీదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ముప్పయ్యేళ్ళ బట్టీ ఈ కుర్చీలో కూర్చున్నాను. గుంపులో అరుచుకునేదానివి, నువ్వు నాకు తెలుగు నేర్పుతావా? రాసింది చెప్పడం నీ పని. చెప్పు" అన్నాను. టాక్‌బ్యాక్‌లో అన్న మాట మైకు గదిలో స్పీకరు లోంచి వస్తుంది. గది నిండా వినిపిస్తుంది.

ఆమె తల దించుకుని హెడ్‌ఫోన్ సర్దుకుంది. ఒక్క టేకులో చెప్పేసింది. "అన్నా, ఓడింది. లే, ఇంటికి పోదాం." ఎంత బాగా చెప్పిందంటే, పక్కనున్న ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడు. నటికి తెలుగు రాదు, అసిస్టెంటుకు రాయడం రాదు, ఈమెకు చదువు లేదు, అందరూ తప్పే, నేనొక్కడినే ఒప్పు! టిక్కు పెట్టి సంతకం గీకి, పేజీ తిప్పాను.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లో చిన్న ప్రివ్యూ థియేటర్లో ప్రదర్శన వేశారు. ఇంకా ఫైనల్ కాని కాపీ. పాతికమందిమి ఉన్నాం. డైరెక్టరు ఊరి నుంచి వాళ్ళమ్మను పిలిపించాడు. ఆవిడ నా వెనక వరసలో, కొడుకు పక్కన కూర్చుంది. సినిమా నడుస్తున్నంతసేపూ మెల్లగా తనలో తను మాట్లాడుకుంటూనే ఉంది. చివరి సీను వచ్చింది. చెప్పులు పెట్టింది. మాట అంది.

అప్పుడు వెనకనుంచి డైరెక్టరు వాళ్ళమ్మ గొంతు, ఇంట్లో మాట్లాడినంత గట్టిగా వినిపించింది.

"ఓడుడేందిరా? ఎవలోడిండ్రు? గామె ఎందుకోడుతది?"

నేను వెనక్కి తిరగకుండా తెర మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాను.

లైట్లు వేశాక డైరెక్టరు బయట వరండాలోకి వచ్చాడు. ముఖం నల్లబడిపోయి ఉంది. "అది మా అమ్మ మాట" అన్నాడు. "మా మేనమామ దగ్గరికి పోయి మా అమ్మ నిజంగ అన్న మాట అది. ఎవ్వలు గెలువలె, ఎవ్వలు ఓడలె, ఒడిసిందంతే. సినిమా అంత దానికోసమే తీసిన. ఎవరు మార్చిండ్రు?"

ఆర్టిస్టులను పిలిపించే కోఆర్డినేటర్ అక్కడే ఉన్నాడు. చురుకైన మనిషి. నా వైపు ఒకసారి చూసి, "ఆమెకు చదువు అంతంత మాత్రం సార్. చదవడంలో పొరపాటు పడినట్టుంది" అన్నాడు.

నిర్మాత అందుకున్నాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానండీ. ఒక్క మాట దొరికింది, ఇంకెన్ని దొరుకుతాయో! పాత్ర మొత్తం పేరున్న ఆర్టిస్టుతో మళ్ళీ చెప్పించేద్దాం. శుక్రవారం పొద్దున పెట్టుకోండి." తర్వాత నా వైపు తిరిగి, "మాస్టారూ, అసలేం జరిగిందంటారు?" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిస్తే ఒక్క ముక్క. ‘నేనే’ అనాలి. అంతే.

"చూస్తానండీ. స్క్రిప్టు చూసి చెబుతాను" అన్నాను.

ఆలోచిస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అది అబద్ధం కాదు, అందుకే మరీ అసహ్యం. అబద్ధమైతే ధైర్యం కావాలి. ఇది ఆ పాటి ధైర్యం కూడా లేనివాడి మాట.

ఆ సాయంత్రం ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆటో ఎక్కకుండా ఫిల్మ్‌నగర్ నుంచి నడిచి దిగాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆగాను, ఎందుకు ఆగానో తెలీదు, మళ్ళీ నడిచాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే మా ఆవిడ, "ఏమైందండీ? కూర వేసుకోకుండా ఉత్తన్నం తింటున్నారు" అంది. "ఏం లేదు" అన్నాను. "ఏం లేకపోతే ఈ కూర ఎవరికి వండాను?" అంది. కసురుకున్నాను. నా కసురు ఆవిడకు అలవాటే.

బుధవారం పొద్దున్నే డబ్బింగ్ థియేటరుకు వెళ్ళి, బీరువాలోంచి ఆ సినిమా ఫైలు తీశాను. పేజీ దొరకడం ఎంతసేపు! నా ఎర్ర గీత, నా అక్షరాలు, నా సంతకం. ఇంజనీరు ఇంకా రాలేదు. చుట్టూ చూసి, ఆ కాగితం ఫైలులోంచి లాగి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో నాకే తెలీదని చెబుదామనుకున్నాను. కానీ తెలుసు. ఆ కాగితం లేకపోతే ఆ మాట మార్చింది ఎవరో తేల్చేది ఎవరూ లేరు. ఇంజనీరు మనవాడు, నోరు విప్పడు. గ్రూపు వాళ్ళకు నేనే పని ఇవ్వాలి, వాళ్ళసలే విప్పరు.

నాకు నేను ఎన్ని సర్ది చెప్పుకున్నానో! ఇంకో ఏడాదిలో మానేసేవాణ్ణి, ఇప్పుడీ మచ్చ దేనికి? ఆమెకు పోయేది ఒక్క పాత్ర, ఇంకోటి నేనే ఇప్పిస్తాను. డైరెక్టరు దగ్గరుండి చూసుకోవద్దూ, తప్పు అతనిది మాత్రం కాదా? అసిస్టెంటు పక్కన అర్థం రాసి ఉండాల్సింది. ఇలా ఒక్కొక్కళ్ళనూ లాక్కొచ్చి నా పక్కన నిలబెట్టుకున్నాను. ఎంతమందిని నిలబెట్టినా జేబులో కాగితం గుచ్చుకుంటూనే ఉంది. థియేటర్లో కూర్చోలేను, బయట నిలబడలేను. టీ చెప్పి తాగకుండా వచ్చేశాను.

సాయంత్రం మా సందు మొదట్లో ఆకుకూరల బండి దగ్గర ఆగాను. బండి ఆమె రహమత్ నగర్ మనిషి. పదిహేనేళ్ళుగా అక్కడే పెడుతుంది. ఇంటికి ఉత్త చేతులతో పోతే మా ఆవిడ మళ్ళీ ముఖం చూస్తుందని, గోంగూర ఉందా అనడిగాను.

"పుంటికూరనా? ఒడిసింది సారూ. పొద్దుగాల్నే ఒడిసింది. పాలకూర తీస్కపో" అంది.

నేను అక్కడే నిలబడిపోయాను. "ఏమన్నావు?" అన్నాను.

"ఒడిసింది అన్న. ఏంది సారూ, కొత్తగ అడుగుతున్నవ్? దినాం చెప్తనే ఉంట గద" అంది.

రోజూ చెబుతూనే ఉంటుందట! పదిహేనేళ్ళు ఆ బండి దగ్గర కూరలు కొన్నాను. ఆ మాట ఎన్ని వందలసార్లు నా చెవిలో పడి ఉంటుందో! పడింది, నేను పట్టించుకోలేదు. ‘లేదు’ అని అర్థమైతే చాలు, మాటతో పనేముంది? మైకు ముందు పలికితేనే అది నాకు భాష. బండి దగ్గర పలికితే బేరం. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికీ చెప్పేద్దామన్న ధైర్యం రాలేదు సుమా! మీరు అలా అనుకుంటారేమోనని చెబుతున్నాను. సిగ్గు వేరు, ధైర్యం వేరు.

ఇంటికి పోయి మేడ మీదికెక్కి బోరబండ ఆమెకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానంటే, ఆమెకు ఎంతవరకు తెలుసో కనుక్కుందామని. ఆమె వెళ్ళి డైరెక్టరుకు జరిగింది చెప్పేస్తే నేనేం చెప్పాలో సిద్ధం చేసుకుందామని. ఆమె బాగోగులు అడగడానికి మాత్రం కాదు.

"నమస్తే సార్!" అంది హుషారుగా. "ఏదో కరెక్షన్ ఉందంట గద, గ్రూపుల పిల్ల చెప్పింది. నన్ను ఎప్పుడు రమ్మంటరు?"

పాత్ర మొత్తం తీసేస్తున్నారని ఆమెకు తెలీదు. "ఏం కరెక్షనో తెలుసా?" అన్నాను.

"తెలుసు సార్. గా ఒడిసింది మాటనే గద." మళ్ళీ తనే అంది. "తప్పు నాది గూడ ఉంది సార్. ఆ దినం మీరు గరమైనంక నేను ఊకున్న. ఊకోవద్దుండె. అది మా అమ్మ నోట్ల మాట, నాకు ఎరికున్న మాట. డైరెక్టర్ సార్‌కు ఫోన్ చేసి అడుగుండ్రి అని నిలవడి చెప్పాల్సుండె. పాత్ర పోతదేమోనని భయపడ్డ. పైసలకు కాదు సార్, మళ్ళ గుంపులకు పంపిస్తరని. భయపడి తప్పు మాట చెప్పిన. డైరెక్టర్ సార్ అమ్మకు బాధయ్యిందంట గద, నాకు మనసున పట్టుతలేదు."

నేను మేడ మీద పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క తప్పూ చెయ్యని మనిషి ఆమె ఒక్కతే. ‘తప్పు నాది’ అన్నదీ ఆమె ఒక్కతే. నేనో? జేబులో కాగితం దాచుకుని, ఆమె ఏం చెబుతుందోనని కూపీ లాగుతున్నాను. ఛీ, ఇదా నా ముప్పయ్యేళ్ళ సర్వీసు!

"రేపు చెబుతాను" అని పెట్టేశాను. ఈసారి మాత్రం ‘చూస్తాను’ అనలేదు.

గురువారం పొద్దున జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసుకు వెళ్ళాను. గది తలుపు వేసి ఉంది. లోపల నిర్మాత, డైరెక్టరు, కోఆర్డినేటర్. శుక్రవారం రావాల్సిన పేరున్న ఆర్టిస్టుతో కోఆర్డినేటర్ అప్పుడే ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే టీ వస్తుంది, టీ వస్తే కబుర్లు వస్తాయి, ఆ కబుర్లలో పడి మళ్ళీ జారిపోతాను. నా సంగతి నాకు తెలుసు. కాగితం తీసి బల్ల మీద పరిచాను.

"మార్చింది నేను. ఇది నా చేతిరాత. ఆమె చదవడంలో తప్పేమీ లేదు" అన్నాను.

కోఆర్డినేటర్ ఫోన్ కింద పెట్టేశాడు. నిర్మాత కాగితం వైపు, నా వైపు చూశాడు. "అదేంటి మాస్టారూ! మొన్న అడిగితే చూస్తానన్నారు?"

"అప్పుడూ తెలుసు."

"మరి రెండు రోజులు ఏం చూశారండీ?" అన్నాడు. నిజంగానే అడిగాడు, వెటకారం కాదు.

డైరెక్టరు కాగితం తన వైపు తిప్పుకుని నా ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది. "మీకు ఈ మాట తెల్వదా మాస్టారూ?" అన్నాడు మెల్లగా.

"తెలీదు."

"ముప్పయ్యేండ్ల సంది ఈడ్నే ఉంటున్నరు గద."

మా నాన్న చేత తిట్లు తిన్నాను, నిర్మాతల చేత తిన్నాను, ఒక పెద్ద హీరో స్క్రిప్టు నా మొహాన విసిరేశాడు. ఏదీ ఇంత గట్టిగా తగల్లేదు.

"సరే, తెల్వకపోతే తెల్వదు. ఎవరినన్న అడిగితే చెప్పకపోదురా?" అన్నాడు.

ఇక్కడ ఆగిపోవచ్చు. తెలియక చేశాను, క్షమించండి అంటే గౌరవంగా బయటపడతాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిట్టగోడ దగ్గర విన్న గొంతు చెవిలోనే ఉంది. "అడగక్కర్లేకుండానే ఆమె చెప్పింది" అన్నాను. "అర్థంతో సహా చెప్పింది. నేనే నోరు మూయించాను."

నిర్మాత కోఆర్డినేటర్ వైపు తిరిగి, రేపు ఆ పేరున్న ఆర్టిస్టును రావద్దని చెప్పమన్నాడు. పాత్ర ఆమెకే ఉంటుంది, ఆ ఒక్క మాట మళ్ళీ చెప్పిస్తే చాలునన్నాడు. నా గుండెల మీంచి బరువు దిగింది. దిగీ దిగగానే డైరెక్టరు అన్నాడు: "శుక్రవారం నేనే కూసుంట మాస్టారూ. మీరు వద్దు."

ముప్పయ్యేళ్ళలో నా కుర్చీలో నన్ను కూర్చోవద్దని అన్నవాళ్ళు లేరు. "అలాగేనండీ" అన్నాను. ఆ సినిమా టైటిల్సులో నా పేరు వెయ్యవద్దని కూడా నేనే అడిగాను. అడగకపోయినా వేసేవారో కాదో!

శుక్రవారం కుర్చీ లేకపోయినా కాళ్ళు ఊరుకోక థియేటరుకు వెళ్ళి వరండాలో పచార్లు చేశాను. లోపల ఆమె ఆ మాట చెప్పింది. ఇంజనీరు తర్వాత చెప్పాడు, డైరెక్టరు ఫోన్లో వాళ్ళమ్మకు వినిపించాడని, ఆవిడ ‘ఆఁ, గిప్పుడు మంచిగుంది’ అందని. ఆ తర్వాత గ్రూపు పని ఉంది. ఆ ఎనిమిది మందే. డైరెక్టరు వెళ్ళిపోయాడు. ఆమె టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది.

జరిగిందంతా చెప్పాను. కాగితం జేబులో పెట్టుకున్న సంగతి, ఫోన్ ఎందుకు చేశానో ఆ సంగతి, అంతా. క్షమించమన్నాను. ఇంత ఒప్పుకున్నాక ‘అయ్యో, ఎంతమాట సార్, పెద్దోళ్ళు’ అంటుందని లోపల ఎక్కడో ఆశ ఉంది. దాచడం దేనికి!

ఆమె టీ అంతా తాగింది. గ్లాసు గోడ మీద పెట్టింది.

"ఒక్క మాట అడుగుత సార్, ఏమనుకోవద్దు. ఆ దినం మీరు నన్ను ‘గుంపుల అరుసుకునేదానివి’ అన్నప్పుడు లోపట ఎంతమంది ఉండిరి?"

"ఏడుగురు. ఇంజనీరు ఒకడు."

"నిన్న తప్పు మీదని చెప్పినప్పుడు?"

"ముగ్గురు" అన్నాను.

"ఆ ముగ్గుర్ల నేనున్ననా?"

లేదన్నట్టు తల ఊపాను. ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. జూబ్లీహిల్స్ ఆఫీసు మెట్లు ఎక్కినప్పటికంటే ఈ తలుపు తొయ్యడం కష్టమైంది. తోసి, ఇంజనీరు పక్కకి వెళ్ళాను. కూర్చోలేదు. అద్దం అవతల ఎనిమిది మందీ మైకు చుట్టూ సర్దుకుంటున్నారు. నన్ను చూసి మాటలు ఆపారు. బటన్ నొక్కాను.

"నేను మాట్లాడుతున్నాను" అన్నాను. "ఆ రోజు ఈమె చెప్పిన మాటే సరైనది. నేను మార్చింది తప్పు. చెప్పినా వినకుండా మీ అందరి ముందూ ఈమెను అవమానించాను. అది అంతకంటే పెద్ద తప్పు. ఈమె మీదకు నింద వస్తుంటే రెండు రోజులు నోరు మూసుకున్నాను. మీ అందరి ముందే చెప్పాలని వచ్చాను. క్షమించమ్మా."

ఒకతను చేతిలో కాగితం వైపు చూసుకుంటున్నాడు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైకు దగ్గరికి జరిగి, అద్దంలోంచి సూటిగా నన్ను చూసింది.

"సరే సార్" అంది. "ఇగ మీరు జర బయటికి పోతే, మేం పని చేస్కుంటం."

బటన్ మీంచి వేలు తీసి, బయటికి వచ్చాను.